నవలలో హీరో దిగజారుడు అతకడం లేదు, మొదటి తప్పు ఎవరి మీద పెట్టాలె?

వరంగల్ పత్తి సీజన్ మీద నవల రాస్తున్న, 18 అధ్యాయాలు, ప్రథమ పురుషలో ("వాడు" అని చెప్తూ). హీరో 22 ఏళ్ల పరకాల పోరడు. జిన్నింగు మిల్లులో (పత్తి నుంచి గింజ తీసే మిల్లు) తేమ మీటరు పట్టే పని, ఎనుమాముల మార్కెట్‌లో సొంత అడ్తి (కమీషన్ దుకాణం) పెట్టాలన్న ఆశ. పత్తిలో తేమ 8 శాతం దాటితే సీసీఐ (పత్తి కొనే కేంద్ర ప్రభుత్వ సంస్థ) మద్దతు ధరలో కోత పెడుతుంది, 12 దాటితే కొనదు. 7వ అధ్యాయంలో వీడు 11ని 13 అని చదువుతడు. ఆ బండి గేటు బయట కాచుకున్న దళారికి పోతుంది, వీడికి కమీషన్.

మూడు తీర్ల రాసి చూసిన. అక్క పెళ్లి అప్పు కారణంగా పెడితే చదివినోళ్లు "పాపం, ఏం చేస్తడు" అంటున్నరు, తప్పు తప్పులెక్కనే లేదు. కారణం తీసేస్తే పుట్టు దొంగ లెక్క తేలిండు. ఉత్తమ పురుషలోకి ("నేను" అని) మారిస్తే అంతా సంజాయిషీనే (అది చించేసిన). అందరికీ గుచ్చుకున్నది ఒక్క చోటే: "ఎంతొచ్చింది బిడ్డా" అని రైతు వంగి చూస్తుంటే, వీడు అంకె మీద బొటనవేలు అడ్డం పెట్టడం.

12వ అధ్యాయంలో సొంత కాక (చిన్నాయన) పత్తికీ ఇదే చేస్తడు, కానీ అప్పటికే చదివేటోళ్లకు వాడి మీద పట్టింపు పోతున్నది.

కాక సీనును 7కు తెచ్చి, ముఖం తెలియని రైతులను తర్వాత పెడితే ఈ పతనం నమ్మబుద్ధవుతదా, లేక ఇప్పుడున్న వరుసే నయమా?