హైదరాబాద్ నుంచి బెంగళూరు: షుగరు, మోకాళ్ళ నొప్పులున్న అమ్మకి ఏ బస్సు బుక్ చెయ్యాలి?

కూకట్‌పల్లి చిన్నోడు:

వచ్చే శుక్రవారం రాత్రి మా అమ్మని బెంగళూరు పంపాలి, అక్క వాళ్ళు వైట్‌ఫీల్డ్‌లో ఉంటారు. అమ్మకి 64 ఏళ్ళు, షుగరు, మోకాళ్ళ నొప్పులు, పైగా ఒక్కతే వెళ్తోంది, నాకు సెలవు దొరకలేదు. రైలు గురించి చెప్పకండి ప్లీజ్. కాచిగూడ నుంచి పోయే మైసూరు ఎక్స్‌ప్రెస్‌లో వెయిటింగ్ లిస్టు చాంతాడంత ఉంది, వందే భారత్‌లోనూ సీట్లు లేవు. ఫ్లైటంటే అమ్మ ససేమిరా అంటోంది.

ఇక మిగిలింది బస్సు. యాప్ తెరిస్తే కళ్ళు తిరుగుతున్నాయి. ఒక్క రాత్రికే డజన్ల కొద్దీ బస్సులు, అన్నిటికీ రేటింగ్ బాగానే ఉంటుంది, ఒకడు 800 అంటాడు, ఇంకొకడు 2,000 పైన అంటాడు. ఏసీ స్లీపర్ అయితే హాయిగా పడుకుని వెళ్తుందని నా ఆలోచన. కానీ కర్నూలు దగ్గర ఆ బస్సు కాలిపోయిన దగ్గర్నుంచి అమ్మకి స్లీపర్ అంటేనే గుండె దడ. ఈ రూట్లో పెద్దవాళ్ళని పంపినవాళ్ళు ఎవరైనా ఉన్నారా? ఏం చూసి బుక్ చేశారు?

అనంతపురం అక్క:

తమ్ముడూ, రేటింగులు, కంపెనీ పేర్లు తర్వాత. ముందు బాత్రూం సంగతి తేల్చుకో. షుగరున్న మనిషికి రాత్రంతా బస్సంటే అసలు కష్టం అదే, మీ అమ్మగారు నోరు తెరిచి నీకు చెప్పరు.

మా అమ్మని రెండేళ్ళ కింద ఒక ప్రైవేటు ట్రావెల్స్ స్లీపర్‌లో తీసుకెళ్ళాను. ఆవిడ ఆ రోజు మధ్యాహ్నం నుంచే మంచినీళ్ళు తాగడం మానేసింది, నేను గమనించనే లేదు. జడ్చర్ల దాటాక పదకొండింటికి ఒక డాబా దగ్గర ఆపారు, అంతే, ఆ తర్వాత ఆపిన పాపాన పోలేదు. రెండు దాటాక చూస్తే అమ్మ బెర్త్ అంచున కూర్చుని కడ్డీ పట్టుకుని ఉంది, "ఇంకెంత దూరమే" అని నాలుగుసార్లు అడిగింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు. వెళ్ళి క్యాబిన్ తలుపు కొడితే క్లీనర్ "బంకు వస్తుంది మేడం, పది నిమిషాలు" అన్నాడు. ఆ పది నిమిషాలు గుత్తి దాటేదాకా సాగాయి. చివరికి చీకట్లో రోడ్డు పక్కన ఆపారు, నేను చున్నీ అడ్డం పట్టుకుని నిలబడ్డాను, ఎదురొచ్చే ప్రతి లారీ లైటూ మా మీదే.

అందుకని డబ్బు కట్టకముందే వాళ్ళ ఆఫీసుకి ఫోన్ చేసి రాత్రి ఎక్కడెక్కడ ఆపుతారో అడుగు. సరిగ్గా చెప్పకపోతే ఆ బస్సు వదిలెయ్. ఎక్కించేటప్పుడు డ్రైవర్లిద్దరికీ ఎదురుగా నిలబడి చెప్పు, షుగర్ పేషెంటు, అడిగితే ఆపాలని. మాత్రలు, బిస్కెట్లు చేతిసంచిలోనే ఉండాలి, డిక్కీలో వేశారా ఇక బెంగళూరులోనే దొరికేది.

హైవే పిచ్చోడు:

అక్క చెప్పింది కరెక్ట్. మీ అమ్మగారి భయం గురించి రెండు మాటలు. ఈ 44వ నంబరు హైవే మీద ఇది మొదటిది కాదు, 2013 అక్టోబరు 30న పాలెం దగ్గర బెంగళూరు నుంచి హైదరాబాద్ వస్తున్న వోల్వో కాలిపోయి 45 మంది పోయారు. 2025 అక్టోబరు 24న కర్నూలు దగ్గర చిన్నటేకూరులో మళ్ళీ అదే ఘోరం, ఈసారి బైకు బస్సు కిందికి వెళ్ళి మంటలు లేచాయి. కాబట్టి ఆవిడ భయాన్ని చాదస్తం అని కొట్టిపారెయ్యకు.

నేను చేసేది చెప్తాను. బయల్దేరే ముందు బస్సు నంబరు మెసేజ్‌లో వస్తుంది కదా, దాన్ని ఎంపరివాహన్ యాప్‌లో కొడితే ఫిట్‌నెస్ ఎప్పటిదాకా ఉంది, ఇన్సూరెన్సు ఉందా లేదా కనపడుతుంది. నాగాలాండ్, అరుణాచల్, డామన్ నంబర్లు చూసి కంగారుపడకు, ట్యాక్సు తక్కువని చాలామంది అక్కడ రిజిస్టర్ చేయిస్తారు, అదొక్కటే దోషం కాదు. ఫిట్‌నెస్ తేదీ అయిపోతే మాత్రం ఎక్కించకు, టికెట్ డబ్బులు పోతే పోయాయి. ఎక్కాక అద్దం పగలగొట్టే సుత్తి ఎక్కడుందో, ఎమర్జెన్సీ డోర్ ఎటువైపో అమ్మకి నువ్వే దగ్గరుండి చూపించు. కొన్ని బస్సుల్లో ఆ డోర్‌కి అడ్డంగా పార్సిల్ బస్తాలు వేస్తారు, అలా కనిపిస్తే అక్కడే గొడవ పెట్టుకో.

మెజెస్టిక్ మామ:

అందరూ బస్సు గురించే చెప్తున్నారు, ఎక్కేదీ దిగేదీ ఎవరూ చూడట్లేదు. పికప్ పాయింటు కూకట్‌పల్లి అనే ఉంటుంది, తీరా వెళ్తే ఫ్లైఓవర్ పక్కన ఏదో షాపు ముందు గంటసేపు నిలబెడతారు, కూర్చోడానికి ఒక్క కుర్చీ ఉండదు, ఫోన్ చేస్తే "దగ్గర్లోనే ఉన్నాం సార్" అంటారు. అటు బెంగళూరులో హెబ్బాళ దగ్గరో సిల్క్ బోర్డ్ దగ్గరో తెల్లవారుజామున రోడ్డు మీద దింపేస్తారు. మోకాళ్ళ నొప్పులున్న మనిషికి ఇవి నరకం.

నా మాట విని ఎంజీబీఎస్ బస్టాండులో ఎక్కే ప్రభుత్వ బస్సు చూడు. కర్ణాటక ఆర్టీసీ ఐరావత్ క్లబ్ క్లాస్ గానీ, మన టీజీఎస్ఆర్టీసీ ఏసీ బస్సు గానీ. కూకట్‌పల్లిలో మెట్రో ఎక్కితే మారకుండా నేరుగా ఎంజీబీఎస్ స్టేషన్. బస్సు మెజెస్టిక్ దాకా, అంటే బెంగళూరు మెయిన్ బస్టాండు దాకా వెళ్ళేది చూసుకుంటే అక్కడ మళ్ళీ మెట్రో, పర్పుల్ లైన్ నేరుగా వైట్‌ఫీల్డ్ దాకా, 2023 అక్టోబరు నుంచి మధ్యలో దిగే పని కూడా లేదు. దాదాపు గంట ప్రయాణం, లిఫ్టులుంటాయి. పొద్దున్నే అదే దూరం క్యాబ్‌లో వెళ్ళడమంటే ట్రాఫిక్‌కి మొక్కుకోవాల్సిందే.

నిద్రపోని ప్యాసింజర్:

స్లీపరే తీసుకుంటే లోయర్ బెర్తు, బస్సు మధ్యలో. వెనక చక్రాల మీదా, వెనకాలా ఉండేవి తీసుకుంటే ప్రతి స్పీడ్ బ్రేకరుకీ మనిషి గాల్లోకి లేస్తుంది. అప్పర్ బెర్తు సగం ధరకి ఇచ్చినా వద్దు, ఆ ఇనుప మెట్లు మనకే కష్టం. 2+1 బస్సులో సింగిల్ వైపు తీసుకో, డబుల్ వైపు పక్కన ఎవరొస్తారో తెలీదు. దుప్పటి ఇంట్లోంచి పంపు, వాళ్ళిచ్చేవి వాసన.

వందే భారత్ అభిమాని:

వందే భారత్ చూడలేదా బ్రో? మధ్యాహ్నానికల్లా బెంగళూరులో ఉంటారు.

కూకట్‌పల్లి చిన్నోడు:

@వందే భారత్ అభిమాని, ప్రశ్న చదివావా అన్నా?

అక్కా, మీరు రాసింది చదివి అమ్మని అడిగాను, మొన్న విజయవాడ వెళ్ళినప్పుడు నీళ్ళు తాగావా అని. మాట మార్చి కూర ఏం చెయ్యమంటావ్ అంది. మీరు చెప్పింది నూటికి నూరు పాళ్ళు నిజం.

ఇంకో సంగతి, స్లీపరా సీటా అనేది అమ్మే తేల్చేసింది. పడుకుంటే మోకాళ్ళు పట్టేస్తాయి, లేవడానికే పది నిమిషాలు, కూర్చుంటే కాళ్ళు కదిలించుకోవచ్చు అంది. నేను ఇన్నాళ్ళూ పడుకోవడమే సుఖం అనుకుంటున్నా. కర్ణాటక బస్సులో నాలుగో వరుస, నడవ పక్క సీటు బుక్ చేశాను. ప్రైవేటు స్లీపర్ ఇంకో 200 తక్కువకే వస్తోంది, అయినా సరే. ఎంజీబీఎస్ దాకా నేనే తీసుకెళ్ళి డ్రైవర్‌తో మాట్లాడతాను. మామా, మా అక్క మెజెస్టిక్‌కి మెట్రోలోనే వస్తానంటోంది, ఎక్కడ నిలబడమంటారు?

మెజెస్టిక్ మామ:

బస్టాండు లోపలికే, బస్సు ఆగే చోటికి రమ్మను. గేటు బయట వద్దు, పెద్దావిడ సంచీతో కనిపిస్తే ఆటోవాళ్ళు చుట్టుముట్టేస్తారు. బస్సు హెబ్బాళ దగ్గరికి వచ్చినప్పుడు కండక్టర్ ఫోన్ నుంచైనా సరే ఒక కాల్ చెయ్యమను, అక్కడి నుంచి పొద్దున పూట ఎంతోసేపు పట్టదు.

అనంతపురం అక్క:

నడవ పక్క సీటు మంచి పని చేశావు. బయల్దేరేటప్పుడు అమ్మ చేతికి నీళ్ళ సీసా ఇచ్చి, నీ ఎదురుగానే నాలుగు గుక్కలు తాగించు.