తల మీద తన్నుతున్న ఎర్ర భుజాల నల్ల పిట్ట: ఎవరికైనా అనుభవం ఉందా?

నేపర్‌విల్ అల్లుడు:
మా ఇంటి వెనక చిన్న చెరువు, చుట్టూ వాకింగ్ ట్రాక్. ఈ నెలంతా ఒక నల్ల పిట్ట వెనక నుంచి వచ్చి మా అత్తగారి తల మీద తన్నిపోతోంది. రెండు భుజాల మీదా ఎర్ర మచ్చలు, కింద పసుపు అంచు. కాకి తన్నినా ఇది తన్నినా ఒకటేనని ఆవిడకి ఒకటే టెన్షన్. శనికి నువ్వుల నూనె దీపం పెట్టాలంటున్నారు. ఇదేం పిట్ట? ఎన్నాళ్ళు ఈ గోల?

మిల్వాకీ శ్రీను:
రెడ్ వింగ్డ్ బ్లాక్‌బర్డ్. దగ్గర్లో గూడుంది, అంతే. పొదగడానికి 11 నుంచి 13 రోజులు, పిల్లలు గూడు దాటడానికి ఇంకో రెండు వారాలు. అదే వేసవిలో మళ్ళీ గూడు పెడతాయి కాబట్టి జూలై దాకా ఓపిక పట్టండి. అది వెనక నుంచే వస్తుంది, తిరిగి దానివైపు చూస్తే చాలాసార్లు తగ్గుతుంది. టోపీ గానీ గొడుగు గానీ ఉంటే ఇంకా నయం. చికాగో లేక్ ఒడ్డున జాగింగ్ చేసేవాళ్ళకి ఏటా ఇదే బాధ.

పిట్టల పిచ్చోడు:
తన్నేది మగదే. చలి పూర్తిగా పోకముందే వచ్చి జమ్ములో జాగా పట్టేస్తుంది. ఆ ఎర్ర భుజాలే దాని పట్టా కాయితం. పరిశోధకులు కొన్నిటి భుజాలకి నల్లరంగు పూస్తే, వాటిలో చాలావరకు జాగా పోగొట్టుకున్నాయి. పరాయి జాగాలోకి దూరినప్పుడు ఎరుపు కనపడకుండా ఈకలు కప్పేసుకుంటుంది, గడుసుది. ఒక్క మగదాని హద్దులో 15 దాకా ఆడవి గూళ్ళు పెట్టచ్చు. కానీ డీఎన్‌ఏ పరీక్షల్లో తేలిందేమిటంటే, పిల్లల్లో పావు నుంచి సగం దాకా పక్క మగవాటివి!

గుంటూరు ఘాటు:
అంటే పక్కోడి పిల్లల కోసం కూడా మీ అత్తగారిని తన్నుతోందన్నమాట 😂

సునీత, ఎడిసన్:
ఆడదాని గురించి ఎవరూ చెప్పరేం? గోధుమరంగు చారలతో ఉంటుంది, చాలామంది పిచ్చుకనుకుని వదిలేస్తారు. మన గిజిగాడిలో గూడు అల్లేది మగది. ఇక్కడ పనంతా ఆడదే. జమ్ము కాడల్ని కలిపి అల్లి, లోపల మట్టి మెత్తి, పైన సన్న గడ్డి పరుస్తుంది. మూడు నాలుగు లేత నీలి గుడ్లు, వాటి మీద నల్లటి గీతలు. పొదగడమూ తనే.

డాలస్ బావ:
మా గ్రోసరీ పార్కింగ్‌లో సాయంత్రాలు చెట్ల నిండా అరిచేవి ఇవేనా?

పిట్టల పిచ్చోడు:
కాదు బావా, అవి గ్రాకిల్స్. పొడుగు తోక, పసుపు కన్ను. కుటుంబం ఒకటే, జాతి వేరు.

ఫార్గో రాజు:
వేసవిలో పురుగుల్ని తింటాయని మెచ్చుకుంటాం గానీ, చలికాలం ముందు గుంపులు కట్టి పొద్దుతిరుగుడు చేల మీద పడితే ఇక్కడ నార్త్ డకోటా రైతులు తలపట్టుకుంటారు.

నేపర్‌విల్ అల్లుడు:
అందరికీ థాంక్స్. గూడు తీయించమని హెచ్‌ఓఏకి (మా కాలనీ ఇళ్ళ యజమానుల సంఘానికి) రాయచ్చా?

మిల్వాకీ శ్రీను:
వద్దండి. అమెరికాలో 1918 నాటి వలస పక్షుల చట్టం ఉంది. గుడ్లో పిల్లలో ఉన్న గూటిని పర్మిట్ లేకుండా తీయకూడదు.

నేపర్‌విల్ అల్లుడు:
సరే. సునీతగారి పోస్టు చదివి వినిపిస్తే, ఆడపిట్టని చూడాలని మా అత్తగారే పట్టుబడుతున్నారు. బైనాక్యులర్స్ ఏవి కొనాలి?

సునీత, ఎడిసన్:
8×42 చాలు, అంటే ఎనిమిది రెట్లు దగ్గరగా చూపించేవి, ముందు అద్దం 42 మి.మీ. మగది జమ్ము కొనల మీద కూర్చుని అరుస్తుంటుంది, ఆడది కింద కాడల్లో ఉంటుంది. ట్రాక్ మీద నుంచే చూడమనండి, దగ్గరికెళ్తే మళ్ళీ తన్నులే.