ఉత్తుత్తి ఆపరేషన్‌తో పరిశోధన: న్యాయమా, కాదా?

సుధాకర్ (గుంటూరు):
మోకాళ్ల అరుగుదల మీద జరిగిన పరిశోధనల గురించి చదువుతుంటే ఒకటి మాత్రం నాకు మింగుడు పడలేదు. అమెరికాలో హ్యూస్టన్‌లోని మాజీ సైనికుల ఆసుపత్రిలో బ్రూస్ మోస్లీ అనే ఎముకల సర్జన్, ఆయన బృందం చేసిన పని అది. 2002లో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో అచ్చయింది. అరుగుదల నొప్పితో బాధపడుతున్న 180 మందిని చీటీ వేసి మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఆర్థ్రోస్కోపీ గొట్టం, అంటే చిన్న గాటు గుండా దూర్చే కెమెరా గొట్టం, పంపి కీలు లోపల గీకి శుభ్రం చేశారు. రెండో గుంపుకు ఉప్పునీటితో కడిగి వదిలేశారు. మూడో గుంపుకు మత్తిచ్చి, మోకాలి మీద సెంటీమీటరు పొడవున మూడు గాట్లు పెట్టి, లోపల ఏమీ చేయకుండానే పంపారు. సర్జన్ అసలు ఆపరేషన్‌లో లాగే పనిముట్లన్నీ అడిగి తీసుకున్నాడట. మోకాలిని అటూ ఇటూ వంచాడట. కడుగుతున్న చప్పుడు రావాలని నీళ్లు కూడా చిమ్మారట. రోగులు ఆ రాత్రి ఆసుపత్రిలోనే ఉన్నారు. చూసుకున్న నర్సులకూ అసలు సంగతి తెలియదు.

రెండేళ్లు గమనిస్తే మూడు గుంపుల నొప్పిలో చెప్పుకోదగ్గ తేడా ఏమీ లేదు. ఫలితం గొప్పదే కావచ్చు. కానీ మేలు చేయదని ముందే తెలిసి ఒక మనిషి ఒంటి మీద గాటు పెట్టే హక్కు వైద్యుడికి ఎక్కడిది? మందు బదులు చక్కెర బిళ్ల ఇవ్వడం వేరు. ఇక్కడ మత్తుంది, కత్తి ఉంది, చీము పట్టే ప్రమాదం ఉంది. నా మట్టుకు ఇది అన్యాయం. మీరేమంటారు?

మాధవి (హైదరాబాద్):
క్లినికల్ పరిశోధనల్లో గణాంకాల పని చేస్తాను కాబట్టి నా పక్షపాతం ముందే చెబుతున్నాను. సుధాకర్ గారూ, ఆ వ్యాసంలోనే ఉన్న ఒక లెక్క మీరు వదిలేశారు. ఆ రోజుల్లో అమెరికాలో ఏటా ఆరున్నర లక్షలకు పైగా ఇలాంటి ఆపరేషన్లు జరిగేవి. ఒక్కోదానికి సుమారు 5,000 డాలర్లు. అన్ని లక్షల మందికి మత్తిచ్చి గాటు పెట్టారు కదా, అందులో మేలు ఉందని ఎవరు తేల్చారు? ఎవరూ లేరు. చేయించుకున్నవాళ్లలో చాలామంది తేలికపడిందన్నారు, అంతే.

తేలికపడటం నిజమే. మోకాలి నొప్పి ఎప్పుడూ ఒకే తీరున ఉండదు, కొన్ని నెలలు పెరుగుతుంది, తర్వాత దానంతటదే తగ్గుతుంది. మనిషి డాక్టరు దగ్గరకు పరుగెత్తేది అది భరించలేనంతగా ఉన్నప్పుడే. ఆ సమయంలో ఏం చేసినా, చేయకపోయినా, చాలామందికి తర్వాత కొంత తగ్గుతుంది. దానికి తోడు ఆపరేషన్ థియేటరు, పెద్ద డాక్టరు, కట్టు, విశ్రాంతి కలిగించే నమ్మకం ఒకటి. ఈ రెంటినీ పక్కకు తీసి చూడాలంటే కత్తి ఒక్కటే తేడాగా ఉన్న రెండు గుంపులు కావాలి.

ఇక మోసం అంటారా? చేరిన ప్రతి ఒక్కరూ తమ రికార్డులో స్వయంగా రాశారు: నాకు ఉత్తుత్తి ఆపరేషనే జరగవచ్చు, అంటే నా మోకాలి కీలుకు ఆపరేషన్ జరగదు, దానివల్ల నా కీళ్ల జబ్బుకు మేలు ఉండదు అని. అర్హులైన 324 మందిలో 144 మంది, అంటే 44 శాతం, చేరబోమన్నారు. అంతమంది కాదనగలిగారంటే ఆ అంగీకారం తంతు కాదన్నమాటే.

ఎముకల డాక్టరు (వరంగల్):
ఈ పరిశోధన పేరు చెప్పి రోగులు నాతో వాదించిన రోజులున్నాయి, అందుకే రాస్తున్నాను. న్యాయం సంగతి తర్వాత, ముందు దాని పరిధి చూడండి. చేరినవాళ్లు దాదాపు అందరూ మగవాళ్లు, మాజీ సైనికులు. మన దగ్గర మోకాళ్ల కోసం వచ్చేవాళ్లలో ఆడవాళ్లే ఎక్కువ. ఆపరేషన్లన్నీ చేసింది ఒక్కరే సర్జన్. నొప్పిని ప్రధానంగా కొలిచిన కొలమానం వాళ్లు సొంతంగా తయారు చేసుకున్నది. దాన్ని పట్టుకొని "ఆర్థ్రోస్కోపీ దండగ" అని అన్ని మోకాళ్లకూ తీర్పు చెప్పేశారు. దెబ్బ తగిలి మెనిస్కస్, అంటే మోకీలులో ఎముకల మధ్య ఉండే మెత్తటి దిండులాంటి భాగం, చిరిగి, మోకాలు ఇరుక్కుపోయి, చాచలేక కుంటుతూ వచ్చే పాతికేళ్ల కబడ్డీ ఆటగాడి సంగతి వేరు. అతనికి ఈ ఆపరేషన్ వరం.

మాధవి:
కబడ్డీ ఆటగాడి విషయంలో మీతో పేచీ లేదు డాక్టరు గారూ. మాట్లాడుతున్నది వయసుతో వచ్చే అరుగుదల గురించి. మీ అభ్యంతరాలు అప్పట్లో చాలామంది సర్జన్లు లేవనెత్తారు, అందుకే మళ్లీ చేశారు. కెనడాలోని లండన్ అనే ఊళ్లో, ఆడవాళ్లనూ మగవాళ్లనూ చేర్చి, ఆర్థ్రోస్కోపీతో పాటు ఫిజియోథెరపీ, మందులు ఇచ్చినవారినీ, ఆపరేషన్ లేకుండా అవే ఇచ్చినవారినీ పోల్చారు. 2008లో వచ్చిన ఫలితం: రెండేళ్లకు తేడా లేదు. 2013లో అచ్చయిన మరో పరిశోధనలో ఫిన్లండ్‌లోని ఐదు ఆసుపత్రులు కలిసి, అరుగుదల ఇంకా మొదలవకుండా మెనిస్కస్ మాత్రం వయసుతో చీలిన 146 మందిని తీసుకున్నాయి. సగం మందికి చీలిన ముక్క తీశారు, సగం మందికి ఉత్తుత్తిది చేశారు. ఏడాదికి తేడా లేదు. ఐదేళ్లకు చూస్తే ముక్క తీసినవారి ఎక్స్‌రేల్లో అరుగుదల కొంచెం ఎక్కువే కనబడింది. 2017లో బ్రిటిష్ మెడికల్ జర్నల్ నిపుణుల బృందం అరుగుదల మోకాళ్లకు ఆర్థ్రోస్కోపీ వద్దని గట్టిగా సిఫారసు చేసింది. ఇంకెన్ని కావాలి?

సుధాకర్:
మాధవి గారూ, మీ మాటలతోనే మిమ్మల్ని పట్టుకుంటాను. కెనడాలో ఉత్తుత్తి ఆపరేషన్ లేదు కదా. అయినా అదే జవాబు వచ్చింది. మరి హ్యూస్టన్‌లో గాట్లు పెట్టడం ఎందుకు? ఎవరినీ నాటకంలోకి దింపకుండానే తేలే విషయానికి ఆ నాటకం ఎందుకు ఆడినట్టు?

మాధవి:
మంచి ప్రశ్న, నేను ఎదురుచూస్తున్నదే. కెనడాలో తేడా రాలేదు కాబట్టి సరిపోయింది. నమ్మకపు బలం అంతా ఆపరేషన్ వైపే ఉన్నా అది గెలవలేదంటే ఇక మాట్లాడేదేముంది? కానీ తేడా వచ్చి ఉంటే? అది కత్తి వల్ల వచ్చిందా, నమ్మకం వల్ల వచ్చిందా అని ఎవరూ చెప్పలేరు. ఫలితం ఎటు వస్తుందో ముందే తెలిస్తే పరిశోధనే అక్కరలేదు.

ఇంకో చిక్కు ఉంది. తనకు ఆపరేషన్ జరగలేదని తెలిసిన రోగి ఊరుకోడు. అమెరికాలో 351 మందితో చేసిన మరో పరిశోధనలో ఫిజియోథెరపీ గుంపులోని 30 శాతం మంది ఆరు నెలల్లోపే ఆపరేషన్ వైపు వెళ్లిపోయారు. అలా కలగాపులగమైన గుంపుల్లో నుంచి జవాబు తీయడం ఎంత కష్టమో మా పని చేసేవాళ్లకే తెలుసు.

ఎముకల డాక్టరు:
ఇక్కడ నేను మాధవి గారినే ఒకటి అడగాలి. మోకీలు మార్పిడికి ఉత్తుత్తిది చేయగలరా? ఎముక కోయకుండా కోసినట్టు నటించలేం కదా. డెన్మార్క్‌లో 100 మందితో చేసి 2015లో ప్రచురించిన పరిశోధనలో మార్పిడి చేయించుకున్నవాళ్లు, వ్యాయామం, బరువు తగ్గడం, మందులు మాత్రమే పాటించినవాళ్ల కంటే స్పష్టంగా బాగుపడ్డారు. తీవ్రమైన ఇబ్బందులు కూడా ఆపరేషన్ వైపే ఎక్కువ వచ్చాయి, అది వేరే సంగతి. అందులో ఉత్తుత్తి గుంపు లేదు. అయితే మోకీలు మార్పిడి కూడా తేలలేదంటారా?

మాధవి:
మేలు ఉందని తేలింది. ఆ మేలులో నమ్మకం వాటా ఎంతో తేలలేదు, తేలదు కూడా. ఎముక కోసే ఉత్తుత్తి ఆపరేషన్‌కు నేను కూడా ఒప్పుకోను. గాటు ఎంత చిన్నది, ప్రమాదం ఎంత తక్కువ అన్నదాని మీదే నా వాదన నిలబడి ఉంది. హ్యూస్టన్‌లో ఉత్తుత్తి గుంపుకు పూర్తి మత్తు, గొంతులో గొట్టం లేవు. నిద్రపుచ్చే ఇంజెక్షనూ నొప్పి మందూ ఇచ్చారు, అంతే. అంటే ఆ మూడు గుంపుల్లో తక్కువ ప్రమాదానికి గురైంది ఉత్తుత్తి గుంపు వాళ్లే. ఈ మాట చెబితే ఎవరూ నమ్మరు.

నిర్మల (ఫిజియోథెరపిస్టు, విశాఖపట్నం):
ఆపరేషన్ల వాళ్లనే ఎందుకు ఆడిపోసుకుంటారు, మా సంగతీ చెబుతాను. డెన్మార్క్‌లో 206 మందిని రెండు గుంపులు చేసి, ఒక గుంపుకు వారాల తరబడి వ్యాయామం, అవగాహన తరగతులు పెట్టారు. రెండో గుంపుకు మోకాలిలో నాలుగుసార్లు ఉప్పునీటి ఇంజెక్షన్ ఇచ్చారు. అదీ దాచి కాదు. ఇది ఉప్పునీరే అని చెప్పి మరీ ఇచ్చారు. 2022లో వచ్చిన ఫలితం చూస్తే నొప్పి రెండు గుంపుల్లోనూ ఇంచుమించు సమానంగానే తగ్గింది. మా సహోద్యోగులు చాలామంది ఆ వ్యాసం ఊసెత్తరు.

నేనైతే వ్యాయామం మానమని చెప్పను. తొడ కండరానికి బలం వస్తే మెట్లెక్కడం, కింద కూర్చుని లేవడం సులువవుతాయి, బీపీకీ షుగరుకీ మంచిది, ఉప్పునీరు అవేవీ చేయదు. అమెరికా సైనిక వైద్య వ్యవస్థలో 156 మందితో చేసి 2020లో ప్రచురించిన దానిలో ఏడాది చివర స్టెరాయిడ్ ఇంజెక్షన్ కంటే ఫిజియోథెరపీ బాగా పనిచేసింది. నేను చెప్పదలచుకున్నది ఒకటే. డెన్మార్క్ వాళ్లు అబద్ధం ఆడకుండానే పోలిక తేగలిగారు. సుధాకర్ గారి బాధకు అదొక దారి కాదా?

మాధవి:
నిర్మల గారూ, అది వేరే ప్రశ్నకు జవాబు. "ఇది ఉప్పునీరు" అని చెప్పి ఇచ్చినట్టు "నీకు ఏమీ చేయలేదు" అని చెప్పి గాటు పెడితే చేరేదెవరు?

చాంద్ బాషా (ఖమ్మం):
ఇంతసేపూ హ్యూస్టన్, ఫిన్లండ్ అంటున్నారు. మా జిల్లా సంగతి వినండి. 2009లో ఇక్కడి గిరిజన హాస్టళ్ల ఆడపిల్లలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా వేసే అధ్యయనం జరిగింది. చాలాచోట్ల అంగీకార పత్రాల మీద సంతకం చేసింది తల్లిదండ్రులు కాదు, హాస్టల్ వార్డెన్లు. 2010లో దాన్ని ఆపేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం తీవ్రంగా తప్పుపట్టింది. టీకా మంచిదా కాదా అన్నది నా వాదన కాదు. టీకా విషయంలోనే అంగీకారం ఇలా ఉంటే, రేపు ఇక్కడి ఏ ఆసుపత్రిలోనో ఉత్తుత్తి ఆపరేషన్ పరిశోధన పెడితే ఎవరు చేరతారు? ఉచితంగా ఆపరేషన్ అంటున్నారని వచ్చిన కూలీలు. "డాక్టరు గారు చెప్పారు, వేలిముద్ర వేశాం" అంటారు. అక్కడ 44 శాతం కాదన్నారు సరే, ఇక్కడ 4 శాతం కాదంటే గొప్ప.

సరోజిని (తెనాలి):
బాషా గారూ, ఉచితంగా చేరిన కూలీల గురించి మీరు చెప్పారు. లక్ష ఖర్చుపెట్టిన వాళ్ల గురించి నేను చెబుతాను. మా అమ్మకు అరుగుదల ఉందని ఎక్స్‌రే చూసి, కీహోల్ ద్వారా, అంటే ఈ ఆర్థ్రోస్కోపీతోనే, శుభ్రం చేస్తే బాగుంటుందన్నారు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో. సంతకం పెట్టించుకున్న కాగితం ఇంగ్లీషులో ఉంది. దీనివల్ల మేలు లేదని తేల్చిన పరిశోధనలు ఉన్నాయని ఎవరూ చెప్పలేదు, అప్పటికి అవన్నీ వచ్చి ఏళ్లయింది. మూడు నెలలు బాగానే ఉంది, తర్వాత మళ్లీ మొదటికి వచ్చింది. హ్యూస్టన్ రోగికి "మేలు ఉండకపోవచ్చు" అని చెప్పారు, తన చేత్తో రాయించారు, డబ్బు అడగలేదు. మా అమ్మకు చెప్పలేదు, డబ్బు తీసుకున్నారు. మీరంతా ఆ హ్యూస్టన్ వాళ్ల మీద పడి కొట్టుకుంటున్నారు గానీ, ప్రయోగం జరిగింది మా అమ్మ మీద.

సుధాకర్:
సరోజిని గారూ, మీ కోపం న్యాయమైనది. కానీ బయట చెప్పకుండా చేస్తున్నారు కాబట్టి చెప్పి చేయడం తప్పు కాదు అనడం నాకు ఎక్కదు. మొదటిది ఆపాలి. ఆపడానికి రెండోదే మార్గమా?

మాధవి:
ఏ మార్గంలో ఆగిందో చూడండి. 2004లో అమెరికా ప్రభుత్వ బీమా మెడికేర్, అరుగుదల నొప్పికి మాత్రమే చేసే ఈ ఆపరేషన్లకు డబ్బు కట్టడం చాలావరకు ఆపేసింది. హ్యూస్టన్ ఫలితం వచ్చిన రెండేళ్లకు. అంతకుముందు ఎంతమంది ఎన్ని వ్యాసాలు రాసినా కదలని వ్యవస్థ అది. 1950లలో గుండెనొప్పికి ఛాతీలోని ఒక ధమనిని ముడివేసే ఆపరేషన్ ఉండేది. రోగులు బాగుందనేవారు. పట్టుమని ఇరవై మంది కూడా లేని రెండు చిన్న పరిశోధనల్లో, చర్మం మీద గాటు మాత్రమే పెట్టినవాళ్లూ అంతే బాగుందన్నారు. ఆ ఆపరేషన్ ఇప్పుడు ఎక్కడుంది?

చాంద్ బాషా:
వాదనలో మీరు గెలవచ్చు మాధవి గారూ, నాకు కావలసింది షరతులు. కొత్త రసాయన మందుల ప్రయోగాల్లో బలహీన స్థితిలో ఉన్నవారు చేరితే అంగీకారాన్ని వీడియోలో రికార్డు చేయాలని 2019 నియమాలు చెబుతున్నాయి. ఆ నియమం మందులకు, కత్తికి కాదు. ఆపరేషన్ల పరిశోధనలకు భారత వైద్య పరిశోధనా మండలి మార్గదర్శకాలు ఉన్నాయి, ఎథిక్స్ కమిటీ ఉంటుంది. సరే. కానీ ఆ కమిటీలో కూర్చునే సామాన్యుడు ఎవరు? వివరణ పత్రం తెలుగులో ఉంటుందా, అది చదివి వినిపించే మనిషి సర్జన్ కింద పనిచేసేవాడు కాకుండా ఉంటాడా? రోగి మర్నాడు ఇంటికెళ్లి కొడుకునో కూతురినో అడిగి వచ్చే గడువు ఇస్తారా? ఉత్తుత్తి గుంపు అని తేలినవాళ్లకు తర్వాత చికిత్స ఖర్చు ఎవరిది? గాటు చీము పడితే కూలీ పోయిన రోజులకు డబ్బు ఎవరిస్తారు? వీటికి రాతపూర్వకంగా జవాబు ఉంటే నేను వ్యతిరేకించను.

ఎముకల డాక్టరు:
బాషా గారు అడిగినవాటిలో గడువు ఇవ్వడం అన్నింటికన్నా ముఖ్యం. అది పరిశోధనకే కాదు, మామూలు ఆపరేషన్‌కూ వర్తిస్తుంది. మేము ఇవ్వం. ఓపీలో వందమంది ఉంటే ఒక్కొక్కరికి దక్కేది నాలుగు నిమిషాలు. సరోజిని గారూ, మీ అమ్మగారి వయసు, బరువు ఎంత? మోకాలు ఇరుక్కుపోతోందా, కేవలం నొప్పేనా, రాత్రి నిద్ర పడుతోందా? అవి రాయండి. ఎక్స్‌రే ఫోటో ఇక్కడ పెట్టకండి, చూసినా దాన్నిబట్టి నొప్పి ఎంతో చెప్పలేను.

సరోజిని:
అరవై ఆరేళ్లు, డెబ్బై ఎనిమిది కిలోలు. ఇరుక్కోవడం లేదండీ, నొప్పే. నిద్ర పడుతోంది, మెట్లు దిగేటప్పుడే ప్రాణం పోతోంది.

నిర్మల:
నిద్ర పడుతోందంటే మార్పిడికి తొందర లేదు. ఐదారు కిలోలు తగ్గే ఏర్పాటు చూడండి, కుర్చీలో కూర్చుని కాలు చాపి నిలబెట్టే వ్యాయామం నుంచి మొదలుపెట్టించండి. మీ ఊళ్లోనే ఎవరైనా ఫిజియోథెరపిస్టు దగ్గర ఒకసారి కూర్చోబెట్టి నేర్పించండి, వీడియోలు చూసి చేయించవద్దు. మొదటి రెండు వారాలు నొప్పి కాస్త పెరగవచ్చు, అది చూసి మానేస్తారు చాలామంది.

సుధాకర్:
చర్చ మీ అమ్మగారి మోకాలి దగ్గరకు వచ్చినందుకు సంతోషమే. నా మాట మాత్రం అక్కడే ఉంది. బాషా గారి షరతులన్నీ రాసిచ్చినా, నీళ్లు చిమ్మి చప్పుడు చేసే ఆ గదిలో పడుకోవడానికి నేను సంతకం పెట్టను.

మాధవి:
పెట్టకపోవడానికే కదండీ ఆ కాగితం ఉన్నది.