పికప్ వెనుక క్యారవాన్ తగిలించి గువ్వలచెరువు ఘాట్ దిగవచ్చునా?

ప్రశ్న (కడప సభ్యుడు):
నా దగ్గర డబుల్ క్యాబ్ పికప్ ఉంది. దాని వెనుక తగిలించుకోవడానికి బెంగళూరులో ఒక రెండు చక్రాల క్యారవాన్ ట్రైలరు (లోపల పడుకునే ఏర్పాటు ఉన్నది) చూశాను. ఖాళీ బరువు 1,400 కిలోలు, ఓవర్‌రన్ బ్రేకు (ట్రైలరు ముందుకు నెట్టినప్పుడు దానంతటదే పడేది) ఉంది. బ్రేకులున్న ట్రైలరైతే 2,500 కిలోల వరకు లాగవచ్చునని బండి పుస్తకంలో ఉంది కనుక ఇబ్బంది లేదని అమ్మేవారు అంటున్నారు. అమ్మానాన్నలతో కలిపి ఐదుగురం ప్రయాణిస్తాము. గండికోటకే కాక, గువ్వలచెరువు ఘాట్ మీదుగా రాయచోటి వైపు కూడా పోవలసి ఉంటుంది. లాగే శక్తి ఉంటే చాలునా, ఇంకేమైనా చూసుకోవాలా, అనుభవమున్నవారు దయచేసి తెలుపగలరు.

జవాబు (అనంతపురం సభ్యుడు):
ఆ 2,500 అన్న అంకె ఒక్కటే చూసి డబ్బు కట్టవద్దని నా మనవి. ట్రైలరు బరువులో కొంత భాగం దానిని తగిలించే హుక్కు మీద పడి, అక్కడి నుంచి పికప్ వెనుక ఇరుసు మీదికి వస్తుంది. ఆర్‌సీలో రాసిన మొత్తం బరువులో నుంచి ఖాళీ బరువు తీసివేస్తే మిగిలేదే మీ హద్దు. ఐదుగురు మనుషులు, సామాను, హుక్కు మీది భారం అన్నీ దానిలోనే ఇమడాలి. చాలాసార్లు లాగే హద్దు కన్నా ముందు ఈ హద్దే దాటిపోతుంది.

కొనే ముందు అమ్మేవారిని ఒప్పించి, ప్రయాణానికి సర్దినట్లే నీళ్ళు, గ్యాస్ సిలిండరు, పరుపులతో సహా లారీలు తూచే కాటాకు తీసుకుపోండి. మొదట మనుషులతో కలిపి పికప్‌ను మాత్రమే తూచండి. తరువాత ట్రైలరు తగిలించి, దాని చక్రాలు కాటా బయటే ఉండేలా నిలిపి, పికప్‌ను మళ్ళీ తూచండి. ఆ రెండింటి తేడాయే హుక్కు మీది భారం. ట్రైలరును విప్పి విడిగా తూస్తే దాని అసలు బరువు తెలుస్తుంది.

జవాబు (కర్నూలు, ప్రస్తుతం టెక్సాస్):
ఇక్కడి ట్రావెల్ ట్రైలర్లకు మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం హుక్కు మీద ఉండాలంటారు. మీరు చూసిన ఓవర్‌రన్ బ్రేకు రకం క్యారవాన్లకు సాధారణంగా 5 నుంచి 7 శాతం చాలు, కానీ హుక్కుకు, బండికి రాసిన హద్దులలో ఏది తక్కువైతే దానిని దాటరాదు.

ఈ భారం మరీ తగ్గితే ట్రైలరు ఊగుతుంది. ఇరుసుకు వెనుక 100 లీటర్ల నీళ్ళ ట్యాంకు నింపితే 100 కిలోలు వెనుకకు చేరి ముందు భాగం తేలికవుతుంది. పక్కనుంచి లారీ దూసుకుపోగానే ట్రైలరు వెనుక భాగం అటూ ఇటూ కొట్టడం మొదలుపెడుతుంది. అప్పుడు స్టీరింగు తిప్పి సరిచేయబోవద్దు, బ్రేకు గట్టిగా తొక్కవద్దు. యాక్సిలరేటరు మీది కాలు తీసి స్టీరింగును తిన్నగా పట్టుకుంటే వేగం తగ్గేకొద్దీ అది సద్దుమణుగుతుంది. 44వ జాతీయ రహదారి ఎంత బాగున్నా 80 దాటవద్దు.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలండీ. నీళ్ళ ట్యాంకు వెనుక మంచం కిందే ఉంది. ఖాళీగా పోయి, దిగినచోట నింపుకుంటే సరిపోతుందా?

జవాబు (కడప, లారీ డ్రైవరు):
అదే మంచి పద్ధతి. సగం నింపిన ట్యాంకులో నీళ్ళు అటూ ఇటూ కదులుతాయి కనుక అది కూడా వద్దు. ఇక ఘాట్ సంగతి. ట్రైలరు ముందుకు నెట్టినప్పుడే ఓవర్‌రన్ బ్రేకు పడుతుంది. రాయచోటి నుంచి తిరిగి కడప వైపు దిగేటప్పుడు అది నెడుతూనే ఉంటుంది కాబట్టి బ్రేకు డ్రమ్ములు కాగిపోయి పట్టు తగ్గుతుంది. గువ్వలచెరువులో బ్రేకులు పడక జరిగిన ప్రమాదాల గురించి మన జిల్లావారికి చెప్పనక్కరలేదు. దిగుడు మొదలు కాకముందే రెండో గేరుకో మూడో గేరుకో మార్చి, ఇంజను పట్టు మీదనే దించండి. కాలు బ్రేకు మీద ఆనించి ఉంచకుండా, అవసరమైనప్పుడు గట్టిగా తొక్కి వదలండి. కాలిన వాసన వస్తే వెడల్పైన చోట ఆపి చల్లారనివ్వండి, నీళ్ళు మాత్రం పోయకండి.

హుక్కు ఊడినా ట్రైలరు విడిపోకుండా పట్టే గొలుసులు హుక్కు కింద ఒకదానిమీదొకటి అడ్డంగా వేయాలి. టైరు పక్కన అచ్చుపోసిన నాలుగు అంకెలు కూడా చూడండి: 2316 అంటే 2016లో 23వ వారం తయారైనదని. అంత పాతదైతే, గాట్లు ఎంత బాగున్నా, కొత్త టైర్లు వేసి ఇస్తేనే బేరం కుదుర్చుకోండి.