ట్రాక్టర్ మానేసి గుర్రాలతో సేద్యం చేస్తే ఎవరి మీదా ఆధారపడకుండా బతకగలమా?

ప్రశ్న:
ట్రాక్టర్ ఉంటే డీజిల్ కొనాలి, విడిభాగాలు కొనాలి, చెడిపోతే మెకానిక్ కోసం ఎదురుచూడాలి. గుర్రాలకు పొలంలో గడ్డి చాలు. సొంతకాళ్ల మీద నిలబడాలనుకున్నవాళ్లకు ఇదే సరైన దారి అని నా నమ్మకం. మీరేమంటారు?

మొదటి జవాబు:
గుర్రాలంటే నాకూ ప్రాణమేనండీ. కానీ "గడ్డి చాలు" అనే దగ్గరే లెక్క తప్పుతుంది. బరువులు లాగే జాతి గుర్రం ఏడెనిమిది వందల కిలోలు తూగుతుంది. తన బరువులో 2 శాతం చొప్పున రోజుకు 15 కిలోల ఎండుమేత కావాలి. జతకు ఏడాదికి 11 టన్నులు! దుక్కి రోజుల్లో దాణా వేరే. ట్రాక్టర్‌ని షెడ్డులో పెడితే చుక్క డీజిల్ తాగదు, గుర్రం మాత్రం పని లేని రోజూ తింటుంది. 1915 ప్రాంతంలో అమెరికాలో గుర్రాలు, కంచరగాడిదలు కలిపి రెండున్నర కోట్ల పైనే ఉండేవి. సాగుభూమిలో దాదాపు నాలుగో వంతు వాటి మేతకే పోయేది. మీకున్న నేలలో అంత వదులుకోగలరా? ముందు అది చూసుకోండి.

రెండో జవాబు:
మేత లెక్క నిజమే. అయితే అందులో చాలాభాగం లద్దెగా మళ్లీ నేలకే చేరుతుంది కదా. తడి నేలలో బరువైన ట్రాక్టర్ తిరిగితే మట్టి గట్టిపడిపోతుంది, గుర్రాలతో ఆ బాధ తక్కువ. జత గుర్రాలు రోజుకు ఎకరం, ఎకరంన్నర దున్నుతాయి. చిన్న కమతానికి అది చాలు. ఆడగుర్రం 11 నెలలు మోసి ఈనుతుంది. ఆ పిల్ల బరువు పనికి రావడానికి మూడు నాలుగేళ్లు పడుతుంది కాబట్టి ముందే చూసుకోవాలి. అమెరికాలోని ఒహాయో, పెన్సిల్వేనియాల్లో ఆమిష్ రైతులు (చాలావరకు ఆధునిక యంత్రాలకు దూరంగా బతికే ఒక క్రైస్తవ వర్గం వాళ్లు) ఇప్పటికీ గుర్రాలతోనే దున్నుతున్నారు.

మొదటి జవాబు రాసినవారు:
ఆమిష్ వాళ్లను జాగ్రత్తగా గమనించండి. నాడాలు కొట్టేవాళ్లు, మెడపట్టీలు కుట్టేవాళ్లు వాళ్ల ఇరుగుపొరుగులోనే ఉంటారు. గడ్డిమోపులు కట్టే యంత్రానికి ఇంజన్ బిగించి, దాన్ని గుర్రాలతో లాగించేవాళ్లూ వాళ్లలో ఉన్నారు. ఒంటరి కుటుంబానికి ఆ అండ ఎక్కడిది? గిట్టలు ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి చెక్కాలి. గుర్రానికి వాంతి చేసుకునే వీలుండదు, అందుకే కడుపునొప్పి ముదిరితే ప్రాణమే పోవచ్చు. అర్ధరాత్రి పశువైద్యుడు దొరకకపోతే ఆ టెన్షన్ మామూలుగా ఉండదు. అప్పుడు మెకానిక్ బదులు వైద్యుడి కోసం ఎదురుచూస్తారు.

ప్రశ్న అడిగినవారు:
ఈ వైపు నుంచి ఆలోచించలేదండీ. అయినా గుర్రాలు వద్దనుకోలేను. పని నేర్చిన పెద్ద వయసు జతతో మొదలుపెడతాను. ఒక ఏడాది మేత పండించి చూశాకే ట్రాక్టర్ అమ్మాలా వద్దా అన్నది తేలుస్తాను.