ఎడమ చక్రాలకు ఎడమ మర నట్లు: పాత కార్లు నడిపేవారి అనుభవాలు

డార్ట్_1966 (మిచిగన్)

అందరికీ నమస్కారం. నా దగ్గర 1966 నాటి డాడ్జ్ డార్ట్ ఉంది. బ్రేకు డ్రమ్ములు చూడాలని చక్రాలు విప్పుతున్నాను. కుడివైపు నట్లు మామూలుగానే వదులయ్యాయి. ఎడమవైపు స్టడ్ల (నట్లు ఎక్కే మర కడ్డీల) కొసలను ఇనుప బ్రష్షుతో రుద్దినప్పుడు తుప్పు కింద నుంచి ఇంగ్లీషు 'ఎల్' అక్షరం బయటపడింది. క్రైస్లర్ సంస్థ తన డాడ్జ్, ప్లిమత్, క్రైస్లర్ కార్లకు సుమారు 1970 వరకు ఎడమ చక్రాలకు ఎడమ మర (మామూలుకు ఎదురు దిశలో తిప్పితే బిగిసే మర) వాడిందని ముందే చదివి ఉన్నందువల్ల పానా పట్టకముందే ఆగగలిగాను. వీటిని ఇలాగే ఉంచడం మంచిదా, లేక నాలుగు చక్రాలకూ కుడి మర స్టడ్లే వేయించుకోవడం మంచిదా అన్నది నా సందేహం. ఇటువంటి బండ్లు వాడినవారు తమ అనుభవం చెప్పగలరని మనవి.

ఆటోనగర్_మెకానిక్ (విజయవాడ)

నమస్కారమండీ. ముందు విప్పే పద్ధతి చెబుతాను. ఎడమ చక్రానికి ఎదురుగా కూర్చుని, గడియారం ముల్లు తిరిగే దిశలో తిప్పితే నట్టు వదులవుతుంది. అంటే మామూలు నట్టును బిగించే దిశ అన్నమాట. చేతికి అలవాటైన దిశలో బలం పెట్టిన కొద్దీ నట్టు మరింత బిగిసి, చివరకు స్టడ్డే తెగిపోతుంది. మా దగ్గరకు వచ్చే పాత బండ్లలో తెగిన స్టడ్లు చాలావరకు ఇలా తెగినవే. ఒక పాత ప్లిమత్ అయితే, వేరే ఊళ్ళో ఒక టైరు దుకాణం వారు గాలి గన్ను (గాలి ఒత్తిడితో నట్లు తిప్పే యంత్రం) పెట్టి వరుసగా స్టడ్లు తెంచిన తర్వాత, లారీ మీద ఎక్కించుకుని మా దగ్గరకు తీసుకువచ్చారు. గన్ను పట్టిన మనిషికి నట్టు వదులవుతున్నదో బిగుస్తున్నదో చేతికి తెలియదు. అందుకే ఇటువంటి బండికి మొదటి పట్టు ఎప్పుడూ చేతి పానాతోనే పట్టాలి.

అక్షరం కనబడకపోతే మరను చూడండి. స్టడ్డును నిలువుగా నిలబెట్టినట్లు ఊహించుకుంటే, కుడి మర గీతలు ఎడమ నుంచి కుడికి ఎక్కుతూ పోతాయి, ఎడమ మర గీతలు కుడి నుంచి ఎడమకు ఎక్కుతాయి. నట్టు బయట రెండు మూడు మరలు కనిపిస్తే చాలు, వాటిని కిరోసిన్ గుడ్డతో తుడిచి టార్చి వెలుగులో చూస్తే తెలిసిపోతుంది.

ఒక్క వైపు అక్షరం చూసి నాలుగు చక్రాలకూ నిర్ణయం చేయవద్దు. ఎప్పుడో ఎవరో ఒక స్టడ్డు మార్చి కుడి మరది వేసి ఉండవచ్చు. ఒకే చక్రానికి రెండు రకాలూ ఉన్న బండ్లు నేను చూశాను.

జీపు_ప్రియుడు (నెల్లూరు)

మా నాన్నగారి విల్లీస్ జీపుకు కూడా ఎడమవైపు ఎడమ మర నట్లే ఉన్నాయి. మా ఇంట్లో ఆ నట్లకు వేరే డబ్బా, దాని మీద ఎర్ర రంగు. కుడి మర నట్టును ఎడమ మర స్టడ్డు మీద వేలితో తిప్పితే అసలు ఎక్కదు. ఎక్కడం లేదని గన్నుతో తోస్తే మాత్రం మొదటి మరలు చెక్కుకుపోయి అక్కడే ఇరుక్కుంటుంది. కాబట్టి ఏ నట్టునైనా ముందు వేళ్ళతోనే చివరివరకూ ఎక్కించి, ఆ తరువాతే పానా పెట్టాలన్నది మా నాన్నగారి నియమం. ఆ నియమం ఉన్నంతకాలం పొరపాటుకు తావు ఉండదు.

తీగ_చక్రాలు (ఇంగ్లండు)

నా అనుభవం ఇందుకు సరిగ్గా తలకిందులు. నా ఎం.జి.బి. స్పోర్ట్స్ కారుకు తీగ చక్రాలు (సైకిలు చక్రంలా ఊచలు ఉండేవి) ఉన్నాయి. చక్రానికి మధ్యలో ఒకటే పెద్ద నట్టు ఉంటుంది, దానిని సీసపు సుత్తితోనో రాగి సుత్తితోనో కొట్టి బిగిస్తాము. ఈ కార్లలో ఎడమ మర ఉండేది కుడివైపు చక్రాలకు! ఎడమవైపు మామూలు కుడి మర. నట్టు మీద విప్పే దిశకు బాణం గుర్తు వేసి ఉంటుంది. అది లేకపోయినా, బండి ముందుకు పోయేటప్పుడు చక్రం ఏ దిశలో తిరుగుతుందో ఆ దిశలో కొడితే నట్టు వదులవుతుందని గుర్తుపెట్టుకుంటే చాలు. డార్ట్ గారి కారుకు ఇదే సూత్రం వాడితే నట్టు బిగుస్తుంది కాబట్టి రెండు రకాల బండ్లూ ఉన్నవారు చాలా జాగ్రత్తగా ఉండాలి.

సుత్తితో కొట్టడానికి వీలుగా రెక్కలు బయటికి పొడుచుకువచ్చే నట్లు పాదచారులకు ప్రమాదమని 1968 నుంచి అమెరికాలో వాటిని నిషేధించడంతో, ఆ దేశానికి పంపిన కార్లకు ఎనిమిది పలకల నట్లు వచ్చాయి. వాటికి సుత్తి దెబ్బ సరిగా తగలడానికి ప్రత్యేకమైన పానా కావాలి. మర దిశ మాత్రం మారలేదు.

డార్ట్_1966 (మిచిగన్)

ఒకే ఉద్దేశంతో పెట్టిన మరలు రెండు బండ్లలో ఎదురెదురు దిశల్లో ఎందుకు ఉన్నట్లు? ఇందులో ఒకటి తప్పు కావాలి కదా?

ఐటిఐ_బోధకుడు (వరంగల్)

రెండూ సరైనవే. వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇది చాలామంది పాఠాల్లో సగమే చెప్పి వదిలేసే విషయం.

చక్రం మీద బండి బరువు ఎప్పుడూ కిందివైపుకే పనిచేస్తుంది. కానీ చక్రం తిరుగుతూ ఉంటుంది కాబట్టి, చక్రం లోపలి నుంచి చూస్తే ఆ బరువే చక్రానికి వ్యతిరేక దిశలో చుట్టూ తిరుగుతున్నట్లు ఉంటుంది. బిగింపు కొద్దిగా తగ్గితే నట్టు తన గుంటలో కంటికి కనబడనంత స్వల్పంగా ఒక పక్కకు, మరొక పక్కకు నొక్కుకుంటూ పోతుంది. పెద్ద గుంట లోపల చిన్న వస్తువు అలా చుట్టూ దొర్లితే, అది దొర్లే దారికి ఎదురు దిశలో తాను తిరుగుతుంది. డార్ట్ నట్టు కోసు (శంకువులా సన్నబడే భాగం) చక్రం రంధ్రంలోకి దిగి కూర్చుంటుంది కాబట్టి అది చక్రం తిరిగే దిశలోనే తిరగాలని చూస్తుంది. ఎడమ చక్రాన్ని బయట నుంచి చూస్తే అది గడియారానికి ఎదురు దిశ. ఎడమ మర నట్టు బిగిసేది కూడా ఆ దిశలోనే. మన సైకిలు ఎడమ పెడల్‌కు ఎడమ మర ఉండటానికి కారణం కూడా ఇదే, ఏ సైకిలు షాపులో అడిగినా చూపిస్తారు.

తీగ చక్రాల నట్టు అలా లోపలికి దిగదు. దాని బోలు కోసు, చక్రం మధ్య భాగాన్ని టోపీలాగా బయట నుంచి కప్పుతుంది. లోపల ఉండే వస్తువు బయటికి మారింది కాబట్టి తిరిగే దిశ కూడా తలకిందులవుతుంది. అందుకే అక్కడ ఎడమ మర కుడివైపుకు పోయింది.

ఇక స్టడ్లు ఉన్న చక్రాల్లో, కోసు నట్టు సరిగా బిగిస్తే రంధ్రంలో దానికి కదిలే సందే ఉండదు. అందువల్లనే కుడి మరతో రెండు వైపులా నడిపిన కంపెనీలకు చక్రాలు ఊడిపోలేదు, క్రైస్లర్ కూడా చివరికి ఆ దారికే వచ్చింది. నా అభిప్రాయం చెప్పమంటే, సరిగ్గా బిగించే చేతికి ఎడమ మర అవసరం లేదు, కానీ ఉన్నదానిని తీసివేయవలసిన అవసరం కూడా లేదు.

లారీ_ఓనరు (సూర్యాపేట)

పాత లారీలకు ఎడమవైపు ఎడమ మరే ఉండేది, హబ్ (చక్రాన్ని బిగించే మధ్య భాగం) బోల్టులను కుడివి, ఎడమవి అని అడిగి కొనేవాళ్ళం. చక్రాన్ని హబ్ మీదనే కూర్చోబెట్టే కొత్త బండ్లకు అన్ని వైపులా కుడి మరే. రెండు రకాల బండ్లూ ఉన్నచోట క్లీనరుకు ముందుగా చెప్పడం తప్పనిసరి. మర ఏదైనా సరే, చక్రం వేసిన తర్వాత వందా నూటయాభై కిలోమీటర్లు నడిచాక నట్లు మరొకసారి బిగించాలి.

డార్ట్_1966 (మిచిగన్)

అందరికీ కృతజ్ఞతలు. ఎడమ మరనే ఉంచుతున్నాను. ముందు చక్రానికి ఒక స్టడ్డు మర మాత్రం బాగా అరిగింది. దానిని ఎలా తీయాలి?

ఆటోనగర్_మెకానిక్ (విజయవాడ)

నేరుగా ప్రెస్సులో పెట్టి బయటికి తోయవద్దు. మీ కారు ముందు చక్రాల్లో స్టడ్డు మెడను డ్రమ్ము మీద ఉబ్బగొట్టి హబ్బునూ డ్రమ్మునూ కలిపి ఉంచుతారు. ఆ ఉబ్బును కోయకుండా తోస్తే హబ్ రంధ్రం వెడల్పవుతుంది, ఆ తర్వాత ఏ కొత్త స్టడ్డూ అందులో గట్టిగా నిలవదు. ముందు గుండ్రటి కట్టరుతో ఉబ్బును చుట్టూ కోయించి, అప్పుడు ప్రెస్సులో తీయించండి. మీ కారుకు అంగుళంలో పదహారింట ఏడు వంతుల మందం, అంగుళానికి ఇరవై మరలు ఉండే స్టడ్డు కావాలి. ఎడమ మరది అని నొక్కి చెప్పి తీసుకోండి, చేతికి వచ్చిన వెంటనే పాత నట్టును వేళ్ళతో దాని మీద తిప్పి చూడండి.