ఇంటి రక్షణకు పంప్ యాక్షన్ షాట్‌గన్: మాస్‌బర్గ్ 590 మేలా, రెమింగ్టన్ 870 మేలా?

ప్రశ్న

అందరికీ నమస్కారం. డాలస్ శివార్లలో రెండంతస్తుల ఇంట్లో భార్యతో, పదేళ్ళ అబ్బాయితో ఉంటున్నాను. నిరుడు గ్రీన్‌కార్డు వచ్చాక, ఇంటి రక్షణ కోసం 12 గేజ్ (గేజ్ అంటే గొట్టం లావు కొలత) పంప్ యాక్షన్ షాట్‌గన్, అంటే ముందు పట్టును వెనక్కీ ముందుకీ లాగి తోటా ఎక్కించే రకం, ఒకటి కొనాలని నిర్ణయించుకున్నాను. దుకాణంలో ‘టాక్టికల్’ అని చెప్పి చూపించినవాటిలో మాస్‌బర్గ్ 590, రెమింగ్టన్ 870 రెండూ నచ్చాయి. నాది ఎడమచేతి వాటం. నా భార్య ఎత్తు ఐదడుగులు. అవసరం పడితే ఆమె కూడా వాడగలగాలి. పిస్టల్ గ్రిప్ (పిస్టల్‌లా కిందికి దిగి ఉండే పిడి), లేజరు, తోటాలు గుచ్చుకునే పట్టీ వంటి హంగులలో నిజంగా పనికివచ్చేవి ఏవో అనుభవం ఉన్నవారు దయచేసి చెప్పగలరు.

మొదటి సమాధానం

మీరు మధ్యలో చెప్పి వదిలేసిన ఎడమచేతి వాటమే ఇక్కడ అసలు విషయమండీ. 870లో సేఫ్టీ, అంటే తుపాకీ పొరపాటున పేలకుండా ఆపేది, ట్రిగ్గర్ వెనకాల అడ్డంగా ఉండే బొత్తాం. కుడిచేతి చూపుడువేలు కుడి నుంచి ఎడమకు నొక్కేలా దాన్ని అమర్చారు కనుక, ఎడమచేత్తో పట్టుకున్నవారు వేలిని ట్రిగ్గర్ గార్డు మీదుగా అవతలికి తిప్పవలసి వస్తుంది. ఎడమచేతి బొత్తాం విడిగా దొరుకుతుంది గాని, దాన్ని గన్‌స్మిత్ చేత వేయించుకోవాలి. 590లో సేఫ్టీ రిసీవర్ (తుపాకీ యంత్రం ఉండే మధ్య భాగం) నెత్తిన, వెనక చివర, బొటనవేలికి అందేచోట ఉండే జారుడు మీట. ఏ చేతికైనా ఒకటే. అయితే ఆ తుపాకీకి పిస్టల్ గ్రిప్ ఉన్న స్టాక్ (భుజానికి ఆనే వెనక భాగం) తగిలిస్తే, పట్టు సడలిస్తే తప్ప బొటనవేలు ఆ మీటను అందుకోదు. కాబట్టి మాస్‌బర్గ్ తీసుకుంటే మామూలు స్టాకే ఉంచుకోండి.

870 రిసీవర్ ఉక్కు, 590ది అల్యూమినియం మిశ్రమం అని దుకాణంలో ఎవరైనా బెదిరిస్తే పట్టించుకోకండి. రెండింటిలోనూ బోల్టు (తోటాను వెనక నుంచి మూసే దిమ్మ) తాళం పడేది బారెల్ (గొట్టం) వెనక భాగంలోని ఉక్కులోకే కనుక, పేలుడు ఒత్తిడిని మోసేది రిసీవర్ కాదు. మందపాటి బారెల్‌తో, లోహపు ట్రిగ్గర్ గార్డుతో సైన్యం కోసం చేసిన 590ఏ1 గట్టిదే గాని, ఇంట్లో ఆ బరువు మోయవలసిన పని లేదు. 20 అంగుళాల బారెల్ ఉన్న 590 మ్యాగజైన్‌లో 8 తోటాలు పడతాయి, 18.5 అంగుళాలదానిలో 6. మెట్ల మలుపు దగ్గర ఆ అంగుళంన్నర తేడా చేతికి తెలుస్తుంది. నేనైతే పొట్టిదే తీసుకుంటాను. 18 అంగుళాల కంటే తగ్గితే మాత్రం 1934 నాటి ఫెడరల్ చట్టం కింద రిజిస్ట్రేషన్ వ్యవహారం మొదలవుతుంది.

రెండవ సమాధానం

మీ భార్యగారి విషయం నేను చెబుతాను. మామూలు స్టాక్‌లో ట్రిగ్గర్ నుంచి భుజానికి ఆనే చివరి వరకు సుమారు 14 అంగుళాలు ఉంటుంది. ఐదడుగుల మనిషికి అది ఎక్కువ. మొదటిసారి రేంజ్‌లో మా ఆవిడ నా తుపాకీ పట్టుకున్నప్పుడు, ముందు పట్టును చివరిదాకా వెనక్కి లాగలేకపోయింది. ఖాళీ తోటా సగం బయటికి వచ్చి బోల్టు నోట్లో ఇరుక్కుంది, ఆమె మొహం మాత్రం నా వైపు తిరిగింది. పొట్టి స్టాక్ బిగించాక ఆ ఇబ్బంది మళ్ళీ రాలేదు. వెనకతన్ను భయం ఉంటే, 12 కంటే సన్న గొట్టం, చిన్న తోటా ఉండే 20 గేజ్ కూడా చూడండి, అందులో నామోషీ ఏమీ లేదు.

మూడవ సమాధానం

లేజరు వద్దు, లైటు తప్పనిసరి. చీకట్లో ఎదురుగా ఉన్నది దొంగో, మంచినీళ్ళకు లేచిన మీ అబ్బాయో తెలియాలి కదా. షాట్‌గన్‌కు గురి అక్కరలేదన్నది వట్టి అపోహ. మామూలు 00 బక్‌షాట్ (ఒకే తోటాలో కొన్ని పెద్ద గుళ్ళు ఉండే రకం) గుళ్ళు గజానికి ఇంచుమించు ఒక అంగుళం చొప్పున విచ్చుకుంటాయి కనుక, ఏడు గజాల గదిలో అవి చాచిన చేయంత వెడల్పు కూడా పరుచుకోవు. పైగా ఇక్కడి జిప్సం గోడలను అవి దాటిపోతాయి. అందుచేత మీరు కొన్న తోటానే కాగితం మీద కాల్చి చూసుకోండి.

ఛాంబర్ (పేలడానికి సిద్ధంగా తోటా కూర్చునే చోటు) ఎప్పుడూ ఖాళీగా ఉంచి, తుపాకీని తాళం ఉన్న పెట్టెలో పెట్టండి. 17 ఏళ్ళలోపు పిల్లల చేతికి అందేలా నిండు తుపాకీ వదిలేయడం టెక్సస్‌లో నేరం. ఇంకొక సంగతి: మీ అత్తమామలు సందర్శక వీసా మీద వచ్చినప్పుడు సరదాకైనా దాన్ని వారి చేతికి ఇవ్వకండి. నాన్‌ఇమ్మిగ్రెంట్ వీసా మీద ఉన్నవారు, వేట లైసెన్సు వంటి మినహాయింపు ఉంటే తప్ప, తుపాకీ కలిగి ఉండరాదని ఫెడరల్ చట్టం చెబుతుంది; హెచ్1బి వారికీ అదే వర్తిస్తుంది.

ప్రశ్న అడిగినవారు

ముగ్గురికీ ధన్యవాదాలు. నిన్న దుకాణానికి ఇద్దరం వెళ్ళి, ఖాళీ తుపాకులు భుజానికి ఆనించి చూశాము. 870 సేఫ్టీ దగ్గర నా వేలు రెండుసార్లు తడబడింది. 18.5 అంగుళాల 590 ఖాయం చేసుకుని, పొట్టి స్టాక్ ఆర్డర్ ఇచ్చి వచ్చాము. పెట్టె ముందు కొని, తుపాకీ ఆ తరువాతే ఇంటికి తెస్తాను.